మోటరు మాట వినే నంబరు

పులివెందుల పక్క పల్లెలో ఓబమ్మ అంటే ఆమె చీనీతోటే, ఆ బత్తాయి చెట్లే గుర్తొస్తాయి. మొక్క నాటిన నాటి నుంచి పాదులు తీసిందీ, కలుపు పీకిందీ ఆమే. బోరు మోటరు మాత్రం భర్త వెంకటప్ప చేతిలో, అంటే ఆయన సెల్‌ఫోన్‌లో ఉండేది. దాయాదులు దొంగతనంగా నీళ్లు మళ్లించుకుంటున్నారని ఆయన మొబైల్ స్టార్టరు పెట్టించి, దాని డబ్బా మీది బటన్లకు కూడా తాళం వేయించాడు. ఇక ఆయన నంబరు నుంచి ఫోనొస్తేనే మోటరు తిరిగేది.

పక్క చేనువాణ్ణి, ఆ వైభవం నేను కళ్లారా చూశాను. కరెంటు రాగానే ఓబమ్మ మోటరు పక్కన నిలబడి, పులివెందుల టీకొట్టులో కూర్చున్న మొగుడికి ఫోన్ చేసేది. ఆయన తీరిగ్గా టీ ముగించి అక్కణ్ణుంచి మోటరుకు ఫోన్ చేసేవాడు. చెయ్యి చాస్తే అందే మోటరుకు అన్ని తిప్పలు. ఊరంతా దాన్ని తెలివి అన్నారు.

మొన్న ఎండాకాలం వెంకటప్ప గుండె ఆగి పోయాడు. పోయినవాళ్లకు ఇష్టమైనవి గుంటలో పెట్టడం వాళ్ల ఆనవాయితీ. బీడీకట్టతో పాటు ఫోను కూడా పెట్టారు.

"ఆయప్పకు అదంటే పానం," అన్నారు పెద్దలు. ఏడుస్తున్న మనిషికి మోటరెక్కడ గుర్తొస్తుంది?

మరునాడు కరెంటొచ్చింది, మోటరు కదల్లేదు. డబ్బా విప్పితే మోటరు కాలిపోతుందని ఊళ్లో ఎవరూ చెయ్యి పెట్టలేదు. అదే నంబరుతో కొత్త సిమ్ము కోసం ఓబమ్మ పులివెందులలో ఫోన్ల దుకాణానికి పోయింది.

"ఎవరి పేరు మీద ఉండాదో ఆయనొచ్చి వేలు పెట్టాలమ్మా," అన్నాడు దుకాణమాయన.

"ఆ వేలు గుంటలో ఉండాదప్పా."

"అట్లయితే మరణ సర్టిఫికెట్ తీసకరా."

అది చేతికొచ్చేలోపల చెట్లు ఆగుతాయా? డబ్బా బిగించిన ప్రొద్దుటూరు మెకానిక్కు బాలకృష్ణేమో జమ్మలమడుగు వైపు కాలిన మోటర్ల వెంట తిరుగుతున్నాడు. రేపు మాపు అంటూ అతనొచ్చేసరికి గోలీలంత పిందె చెట్ల కింద పరుచుకుని ఉంది. ఆ ఏడు కాపు పోయినట్టే. నాకు ఒళ్లు మండింది. దొంగ ఎవడూ రాలేదు, తోట మాత్రం ఎండింది.

బాలకృష్ణ డబ్బా పక్కకు తీసి వైర్లు నేరుగా కలిపాడు. నీళ్లొచ్చాయి. చేతులు కడుక్కుంటూ అన్నాడు:

"దీంట్లో ఐదు నంబర్లు పెట్టుకోవచ్చత్తా. నీ నంబరు గూడా ఎక్కిస్తానని ఆ పొద్దే మామకు చెప్పినా. వద్దురా, ఎవరన్నా వచ్చి అడిగితే మీయత్త కాదనల్యాదు, నీళ్లిడిచేస్తాది అన్నాడు."

ఓబమ్మ కాలవలో కొట్టుకుపోతున్న పిందెల్నే చూస్తూ నిలబడింది.

"తాళం దాయాదులకే అనుకుంటి," అంది. "నాగ్గూడా ఏసినాడా అప్పా."