కంచె మీది బుర్రలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పొగమంచుకు ఒక గొంతు ఉండేది. కొండవాలున వలిసె పూలు రాలిపోయి, చోళ్లు, అంటే రాగులు, ఇళ్లకు చేరాక, పొద్దెక్కినా ఎదుటి మనిషి కనిపించని రోజులు వస్తాయి కదా, ఆ రోజుల్లో వినిపించేది. అందులో మాటలు ఉండేవి కావు. ముక్కులోంచి వచ్చే ఒక సాగతీత, పైన ఎక్కడో మొదలై మధ్యలో తెగిపోయేది. పిల్లలం ఆట ఆపేసి ఒకరినొకరు పట్టుకునేవాళ్లం. పెద్దవాళ్లు మాత్రం ఏమీ విననట్టే పని చేసుకునేవారు. వాళ్లలా విననట్టు ఉండడం చూస్తేనే నాకు ఎక్కువ భయం వేసేది.

ఆ గొంతు మా మేనత్తది.

ఇప్పుడు నన్నే పిల్లలు పెద్దమ్మా అని పిలుస్తున్నారు. అప్పుడు నాకు పదేళ్లు. తొంభైల్లో మాట. హుకుంపేట పోయే రోడ్డు దగ్గర దిగి మూడు గంటలు కొండెక్కితే మా ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదువుకుంటూ ఉండగా జ్వరం తగిలి, ఇంటికొచ్చి, ఆ చలికాలమంతా ఇంట్లోనే ఉండిపోయాను. రాకుండా ఉంటే ఇవేవీ చూసేదాన్ని కాదు.

మా వైపు ఆడవాళ్లు అడ్డపొగ తాగేవారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. గాలికి ఆరిపోదు, వానకు తడవదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. మా అత్త ఆ విద్యలో గట్టి మనిషి. మసక వేళ ఆవిడ నవ్విందంటే నోట్లో ఎర్రగా నిప్పు కనిపించేది. భర్త పోయాక పుట్టింటికి వచ్చేసిన మనిషి. నాకు నూనె రాసి జుట్టు దువ్వింది ఆవిడే. మా అమ్మకు ఓపిక తక్కువ, దువ్వెనతో లాగేసేది.

ఆవిడ అంగిట్లో పుండు లేచింది. పుండు పెద్దదై అంగిలికి చిల్లి పడింది. తాగిన అంబలి ముక్కులోంచి వచ్చేది. గొంతు మారిపోయింది. నెలకోసారి కొండెక్కే నర్సమ్మ చూసి, ఇది కేన్సరు, చుట్ట వల్ల వస్తుంది, ఒకరి నుంచి ఒకరికి అంటదు, త్వరగా విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోండి అని చెప్పింది. మా ఇళ్లలో మాట్లాడే సగం ఒడియా కలిసిన మాటలో ఆ జబ్బుకు పేరు లేదు. అందుకని ఊరు తనకు తెలిసిన పేరే పెట్టుకుంది. చిల్లంగి అంది. ఎవరో చేయించారు అంది. చుట్ట వల్లే అయితే ఊళ్లో ఆడవాళ్లందరికీ రావాలిగా, ఈవిడకే ఎందుకొచ్చింది అని అడిగితే, నర్సమ్మ ఎంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు.

ఊరి పైన మా పోడు చేలో కాపలా పాక ఒకటి ఉండేది. ముట్టుకుంటే అంటుకుంటుందని అత్తను అందులో పెట్టారు. పెట్టింది మా నాన్నే, ఆవిడ సొంత తమ్ముడు. ఊరివాళ్ల మాట తోసెయ్యలేకపోయాడు. మా తాతయ్య ఆ రోజు గుమ్మంలో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. కూతురి కోసం నోరు విప్పని తండ్రి ఉంటాడా అనుకున్నాను.

పొద్దున్నే, ఎండబెట్టి తొలిచిన ఆనప బుర్రలో అంబలి పోసి నా చేతికిచ్చేది అమ్మ. తను మాత్రం ఒక్కరోజు కూడా పైకి రాలేదు. పాకకు నూరు అడుగుల ఇవతల ఒక చదును బండ ఉంది. బుర్ర దాని మీద పెట్టి, తల ఎత్తకుండా వెనక్కి తిరగాలి. ఆవిడ ముట్టుకున్న బుర్ర మళ్లీ ఊళ్లోకి రాకూడదు. రోజుకో బుర్ర అలా పోతూ ఉంటే కొన్నాళ్లకు మా ఇంట్లో బుర్రలకు కరువొచ్చి అమ్మ పక్కిళ్లలో అడుక్కోవలసి వచ్చింది. తాగేసిన బుర్రలను అత్త కంచె కర్రలకు బోర్లించేది. తల ఎత్తకూడదన్నారు కానీ పదేళ్ల పిల్ల ఎత్తకుండా ఉంటుందా? మంచులో ఆ కంచె మీద తలకాయలు వరసగా నిలబడి నన్నే చూస్తున్నట్టు ఉండేవి. ప్రతి బుర్ర మీదా మూడు నల్లటి చుక్కలు, నిప్పుతో కాల్చినవి. రెండు కళ్లు, ఒక నోరు.

ఒకనాడు చూస్తే ఆ తలల్లో కొన్ని లేవు. మర్నాటికి ఇంకొన్ని పోయాయి. రోజుకొకటి పెరగాల్సిన వరస తరిగిపోతోంది. కోతులు కావు, కోతులైతే కింద పగలగొట్టి పడేస్తాయి. ఊళ్లోవాళ్లు కారు, ఆ ఛాయలకే రారు. బుర్రలు తగ్గుతున్న కొద్దీ ఆ గొంతు పెద్దదైంది. నేను బండ దగ్గరికి వచ్చానంటే చాలు, మంచులోంచి నన్నే పట్టుకుని అరిచేది. నేను పడుతూ లేస్తూ దిగేదాన్ని. ఇంటికొచ్చి చెబితే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయేది. అత్తంటే అమ్మకు అసహ్యం అనుకున్నాను.

మా తాతయ్య జీలుగు చెట్టుకు కల్లు గీసేవాడు. పొద్దున్నే చెట్టు కింద ఊరంతా చేరేది. ఒకరోజు నాన్నను పిలుచుకు రమ్మని అమ్మ పంపితే అక్కడికి వెళ్లాను. మంచు అప్పుడే పలచబడుతోంది. మగవాళ్లు, కొందరు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కల్లు తాగుతున్నారు. నాన్న బుర్ర ఎత్తి గటగటా తాగి దించాడు. దాని మీద మూడు చుక్కలు ఉన్నాయి. పక్కవాడి చేతిలో బుర్ర మీదా ఉన్నాయి. ఆ పక్క ఆవిడ చేతిలో దాని మీద కూడా. కొండమీద కంచె మీది తలలన్నీ దిగివచ్చి మా ఊరి మనుషుల పెదాలకు ఆనుకుని ఉన్నాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

తాతయ్య నన్ను చూశాడు. దగ్గరికొచ్చి, చెయ్యి పట్టుకుని వాగు వైపు తీసుకెళ్లాడు.

"సూసీసినావేటి గుంటా? సూసింది కడుపులో ఎట్టుకో. ఎవుళికీ సెప్పకు," అన్నాడు.

ఆ రోజే తెలిసింది, గుమ్మంలో నోరు విప్పని మనిషి ఏం చేస్తున్నాడో. నర్సమ్మ అంటదు అని చెప్పింది కదా, ఆ మాట నిజమో కాదో ముందు తన మీదే చూసుకున్నాడు. కల్లు గీతకు వెళ్తున్నానని చెప్పి మసక వెలుతురులోనే పాకకు వెళ్లి, నెల రోజులు కూతురు మిగిల్చిన అంబలి తాగాడు. ఏమీ కాలేదు. అప్పుడు, చెబితే ఒప్పుకోదని, ఆవిడ పడుకుని ఉండగా బుర్రలు ఒక్కొక్కటే తెచ్చి, వాగులో కడిగి, కల్లు పోయడం మొదలుపెట్టాడు. ఆ చుక్కల సంగతి తాతయ్య కాక ఊళ్లో నాకొక్కదానికే తెలుసు. మిగతావాళ్లు ముసలాడు ముచ్చటపడి పెట్టుకున్న గుర్తులనుకున్నారు.

"నానొక్కడినీ సెప్తే ఎవుడింటాడు? ఆళ్ల నోళ్లే సెప్పాల," అన్నాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. నాన్న దగ్గినప్పుడల్లా చేస్తున్న పని ఆపి అటే చూసేదాన్ని. తాతయ్య మాట తప్పైతే? ఊరంతా ముక్కుతో మాట్లాడడం మొదలుపెడితే? అన్నం తినేటప్పుడు నాన్న నోట్లోకి తొంగి తొంగి చూసి తిట్లు తిన్నాను.

చలి తగ్గుముఖం పట్టాక ఒకరోజు బండ మీద ముందురోజు బుర్ర అలాగే నిండుగా ఉంది. గొంతు వినిపించలేదు. ఇన్నాళ్లూ ఆ గొంతుకు భయపడినదాన్ని, ఆ నిశ్శబ్దానికి ఇంకా భయపడి పరుగున దిగి తాతయ్యకు చెప్పాను. ఆయన పైకి వెళ్లి చూసి వచ్చి, నేరుగా చెట్టు కిందికి నడిచాడు. మనిషి బతికే ఉంది, ఇవాళే డోలీ కట్టాలి, నలుగురు మగవాళ్లు కావాలి అన్నాడు. కర్రకు దుప్పటి కట్టి మూడు గంటలు వంతులేసుకుని మోస్తే తప్ప రోడ్డు రాదు. ఒక్కరూ లేవలేదు. మా నాన్న నేల చూశాడు.

తాతయ్య కోప్పడలేదు. అందరి చేతుల్లో ఉన్న బుర్రలు చూడమన్నాడు. వాటి మీది చుక్కలు చూడమన్నాడు. మంచు విడిపోయి కొండవాలు తేటగా కనిపిస్తోంది. వెళ్లి నా కూతురి కంచె మీద మిగిలిన వాటిని చూసి రండి, ఇవే చుక్కలు అని చెప్పాడు.

"రెండు నెల్లు తాగినారు దాని బుర్రల్తో. ఎవుడి నోరు పుండైనాదో తెరిసి సూపించండి," అన్నాడు.

ఒకాయన బుర్ర విసిరి కొట్టాడు. ఒకావిడ తాతయ్య ఏడు తరాలనూ తిట్టింది. ఇద్దరు ముగ్గురు గొంతులో వేలు పెట్టుకుని కక్కారు. నాన్న చెయ్యెత్తుకుని ముసలాయన మీదికి వెళ్లి, మధ్యలో ఆగిపోయాడు. కాసేపటికి ఆ గోల సద్దుమణిగింది. అప్పుడు ఎవరు మొదలుపెట్టారో గాని, ఒకడు పక్కవాడి ముందు నోరు తెరిచాడు. పక్కవాడు తొంగి చూసి, పుండు లేదని తల అడ్డంగా ఊపి, తనూ తెరిచాడు. చూస్తూ ఉండగానే చెట్టు కింద ఊరంతా నోళ్లు తెరుచుకుని నిలబడింది. నవ్వాల్సిన దృశ్యమే. కానీ అంతమంది పెద్దవాళ్లు అలా నోళ్లు తెరుచుకుని, భయంతో ఒకరి గొంతులోకి ఒకరు చూసుకోవడం నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు కలలోకి వస్తుంది.

ఒక్క నోరు మాత్రం తెరుచుకోలేదు. గోల విని వచ్చి కొసన నిలబడిన మా అమ్మ, కొంగు రెండు మడతలు వేసి నోటికి గట్టిగా అదిమి పెట్టుకుని ఉంది. మా అమ్మ ఎన్నడూ ఆ చెట్టు కిందికి రాలేదు, కల్లు ముట్టుకోలేదు. తాతయ్య ఆవిడ వైపు చాలాసేపు చూశాడు.

నాన్నే మొదట కర్ర తెచ్చాడు. వెనక ఇంకో ముగ్గురు లేచారు. బుర్ర విసిరి కొట్టినాయన కూడా వాళ్లలో ఉన్నాడు.

పాకలోంచి అత్తను ఎత్తి డోలీలో పడుకోబెట్టినప్పుడు మూడు నెలల తర్వాత మొదటిసారి ఆవిడ ముఖం చూశాను. పుల్లలా అయిపోయింది. నన్ను చూడగానే ఆ గొంతుతోనే ఏదో అంది. నేను తాతయ్య వెనక దాక్కున్నాను. ఆ మాటలు అర్థం చేసుకోవడం నెల రోజులు పక్కన కూర్చున్న తాతయ్యకు అలవాటైంది. బుర్రలు తియ్యొద్దని గదేటే నీకు రోజూ సెప్పీదాన్ని, ముట్టుకుంటే నీకూ అంటుకుంటాది గదే అంటోందట. కంచె మీద బుర్రలు మాయమవుతుంటే నేనే ఆటకు తీసుకుపోతున్నాననుకుందట. అవి ఎవరూ ఎత్తుకోకుండా గుర్తు ఉండాలనే ప్రతిదాని మీదా చుట్టతో కాల్చి చుక్కలు పెట్టిందట. నేను దయ్యమని పారిపోయిన అరుపులన్నీ నన్ను కాపాడాలని అరిచినవి. నేను ఏడ్చేశాను. డోలీ పక్కన నడుస్తూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాను, రోడ్డు వచ్చేదాకా వదల్లేదు.

వాగు దాటుతుండగా వెనక అడుగుల చప్పుడైతే అందరం తిరిగి చూశాం. మా అమ్మ, చంకలో గుడ్డల మూటతో. నాన్న కోప్పడబోతే నిలబడిపోయి, కొంగు తీసి, ఏడుస్తూ నోరు తెరిచింది. అంగిట్లో తెల్లటి మచ్చ. అత్తను పైకి పంపకముందు నుంచే ఉందట. చెబితే తననూ ఆ పాకకే పంపుతారని ఎవరికీ చెప్పలేదట. ఇన్నాళ్లూ అత్తను అసహ్యించుకుంటోంది అనుకున్న మనిషి, రోజూ తన రేపటిని తలుచుకుని వణికిపోతూ ఆ బుర్ర నింపిందన్నమాట.

అత్తది ముదిరిపోయింది. కొన్ని నెలలే బతికింది. కానీ మా ఇంట్లో, మా మధ్య, నా పక్కన పడుకుని బతికింది. అమ్మది ఇంకా మచ్చగానే ఉందని డాక్టర్లు కోసి తీసేశారు. చుట్ట మానెయ్యమన్నారు. మానేసింది. మానేసిన ఏడాదంతా మా అందరినీ కసురుకుంటూనే ఉంది, అది వేరే కథ.

అమ్మ ఇప్పటికీ ఉంది. నెలకోసారి ఇంటి ముందు ఎండలో కూర్చుని, నన్ను పిలిచి, దారినపోయేవాళ్లు చూస్తూ ఉండగానే నోరు బార్లా తెరుస్తుంది. నేను టార్చి వేసి చూస్తాను. ఎవరైనా ఏటి సూస్తన్నావే అని అడిగితే కేన్సరు వచ్చిందేమోనని చూస్తున్నాం అని పేరు పెట్టి గట్టిగానే చెబుతాను. వాళ్లలో ఒకరిద్దరు అక్కడే కూర్చుండిపోయి, కాసేపు ఆగి, నాది కూడా ఓసారి చూడవా అని మెల్లగా అడుగుతారు. టార్చి వెయ్యబోయే ముందు ప్రతిసారీ కంచె మీది ఆ తలలు కళ్ల ముందుకొస్తాయి. వచ్చినా సరే, వేస్తాను.