నల్లదారం మీద నేను గెలిచిన వాదన

ఎదుటివాడు నోరు తెరవకముందే అతని మీద వాదనలో గెలిచిన అనుభవం మీకుందా? సిగ్గుపడకండి, ఉండే ఉంటుంది. కానీ నేను గెలిచినంత ఘనంగా మాత్రం మీరు గెలిచి ఉండరు. నేను గెలిచిన ఆ పూట ఒక పరీక్ష పోయింది, ఒక నౌకరి పోయింది, మా వాడలో మూఢనమ్మకం రెండు తరాలకు సరిపడా బలపడింది. ఇంత నష్టాన్ని ఒంటిచేత్తో సాధించిన ఆ మహానుభావుడి కథ వినండి.

నాది లింగాల ఘనపూర్. జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో నాకు రెండే పనులు. పొద్దున జిమ్ములో బరువులెత్తడం, సాయంత్రం వక్తృత్వ పోటీల్లో మూఢనమ్మకాలను ఎత్తి కింద పడేయడం. వాస్తు, ముహూర్తం, చేతబడి, ఏ అంశమిచ్చినా సరే, ఎదుటి జట్టువాడు "అధ్యక్షా" అనేలోపే నేను ఖండన మొదలుపెట్టేవాణ్ని. కప్పులు కూడా ఇచ్చారు. ఇవ్వకుండా ఉండాల్సింది.

మా జిమ్ము యజమాని శ్రీనన్న గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు వేలాడదీసేవాడు.

"అన్నా, లోపల ఇంతమంది కండలు పెంచుతున్నరు. మిమ్ములందర్ని కాపాడేది గీ ఎండిన నిమ్మకాయనా?" అని రోజూ అడిగేవాణ్ని.

ఒకరోజు ఆయన డంబెల్ కింద పెట్టి అన్నాడు: "తమ్మీ, నీ నోటికున్న స్టామినా నా జిమ్ముల ఎవని కాళ్లకు లేదు. ట్రైనర్ పరీక్ష రాయి. సర్టిఫికెట్ తెచ్చుకుంటే పొద్దుగాల బ్యాచ్ నీకే ఇస్త. తేకుంటే ఇంకొకన్ని చూస్కుంట."

తేకపోతే నాకు ఇంకో జాగా సిద్ధంగానే ఉంది. అది మా మేనమామ ఎరువుల దుకాణం. అక్కడ చేయాల్సిన వ్యాయామం ఒక్కటే: కుర్చీలో కూర్చొని, వచ్చిన ప్రతి రైతుకూ "యూరియా రాలే, రేపు రాండ్రి" అని తల అడ్డంగా ఊపడం. మెడ తప్ప ఒంట్లో ఏ కండరమూ పెరగదు. మా బాపు తేల్చి చెప్పాడు: "పాసైతే జిమ్ము. ఫెయిలైతే దుకాణం. మల్ల నాతోటి డిబేటు పెట్టకు."

నాతో పాటు అదే పరీక్షకు చదివినవాడు, మా జిమ్ముకే వచ్చే బాలు నాయక్. డోర్నకల్ దగ్గర తండా వాళ్లది. ఇంట్లో లంబాడీ, బయట తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. మూడు భాషలు వచ్చి, ఒక్కదాంట్లో కూడా వాదించని విచిత్రమైన మనిషి. మా పుస్తకం మొదటి అధ్యాయమంతా ఒకటే సంగతి: క్లయింట్ రాగానే ముందు అడగాలి. గుండె జబ్బుందా, బీపీ ఉందా, ఎక్కడైనా నొప్పా, ఆపరేషన్లేమైనా అయ్యాయా? అడిగి తెలుసుకున్నాకే వ్యాయామం.

"గిది చిన్నపిల్లలకు చెప్పే ముచ్చట. కండరాల పేర్లు చదువుదాం పా," అన్నాను.

"అన్నా, ప్రాక్టికల్స్‌ల గిదే చూస్తరట. నేను క్లయింట్‌ను, నువ్వు ట్రైనర్‌వి. అడుగు."

"నీకేమన్న జబ్బుందా?"

"షుగర్ ఉన్నది."

"షుగర్ ఎందుకొస్తదో ఎరికేనా నీకు? మన తిండి అలవాట్లు..."

బాలు బయటికి పోయి, చాయ్ తాగి, తిరిగొచ్చి కూర్చునేసరికి నేను మిల్లు బియ్యం పుట్టుపూర్వోత్తరాల్లో ఉన్నాను.

"అన్నా, నీ క్లయింట్ పోయిండు," అన్నాడు.

"ఎటు?"

"వేరే జిమ్ముకు."

పరీక్ష నాటి పొద్దున, నేను బూట్లు కట్టుకుంటుంటే మా అవ్వ నల్లదారం పట్టుకొని వచ్చింది.

"చెయ్యి ఇటియ్యి బిడ్డా. పరిచ్చకు పోతున్నవ్, దిష్టి తగుల్తది."

"అవ్వా, దారం పరీక్ష రాస్తదా?"

"రాయకపాయె. కట్టుకుంటే నీ సొమ్మేం పోతది?"

"దారం దేంతోటి చేస్తరు? పత్తితోటి. చెల్కల ఉన్నప్పుడు గులాబీ పురుగును ఆపలేని పత్తి, నా చేతి మీదికొచ్చి దిష్టిని ఆపుతదా?"

చూశారా? ఎంత పదునైన మాట! అవ్వ మాత్రం చప్పట్లు కొట్టలేదు. దారాన్ని కొంగున ముడేసుకుంటూ, "నీ నోరు సల్లగుండ! దారాన్ని గంత అల్కగ జూడకురా," అంది.

ఆ మాట మీరు గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

జనగామలో రైలెక్కి, పరీక్ష జరిగే మహబూబాబాద్‌లో దిగేదాకా నాకు ఒకటే బాధ. అంత గొప్ప పత్తి వాదన ఒక్క ముసలమ్మ ముందు ఖర్చైపోయిందే అని. బాలుకు వినిపించాను. పక్క సీటాయనకు వినిపించాను. ఆయన కాజీపేటలో దిగిపోయాడు. దిగాల్సిన స్టేషన్ అదేనో కాదో చెప్పలేను.

రాత పరీక్ష బాగానే రాశాను. ప్రాక్టికల్ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తున్నారు. బాలు నాకంటే ముందు వెళ్లి, నవ్వుకుంటూ బయటికొచ్చాడు.

"ఎట్లుందిరా?"

"ఏం లేదన్నా. అడుగు. అంతే."

బాలు మాటల్లో ఎప్పుడూ సరుకు తక్కువే అనుకుని లోపలికి నడిచాను.

పరీక్ష పెట్టే సార్ మందపాటి కళ్లద్దాలతో బల్ల వెనక కూర్చున్నాడు. "ఈయన పేరు రాజయ్య, మహదేవపూర్ నుంచి వచ్చిండు. నీ క్లయింట్ అనుకో. మంచిగ చూడు, సంగతి తెలుసుకో, తగ్గ వ్యాయామం చేయించు. నడుమ నేను మాట్లాడ," అన్నాడు.

రాజయ్య నిక్కరు, బనీను వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన కుడి మోకాలి మీద, నిగనిగలాడుతూ, నాకోసమే కట్టినట్టు... నల్లదారం!

ఆకలిగొన్నవాడికి పెళ్లి భోజనం వాసన తగిలితే ఎలా ఉంటుంది? అచ్చం అలాగే ఉంది నాకు.

"నమస్తే పెద్దన్నా. గీ దారం ఎందుకు కట్టుకున్నవో నాకు ఎరికే."

రాజయ్య ముఖం విప్పారింది. "ఎరికేనా తమ్మీ? అయితే అడుగు మరి."

"అడిగేదేముంది? నేనే చెప్త."

చెప్పాను. పత్తి చెల్కతో మొదలుపెట్టి, గులాబీ పురుగు మీదుగా, మానవ పరిణామం దాకా వెళ్లాను. రాజయ్య కాలు మార్చి నిలబడ్డాడు.

"మంచిగ చెప్తున్నవ్ తమ్మీ. నన్నేమన్న అడిగేదుందా?"

"ఒక్కటే అడుగుత. గీ దారం మనిషిని కాపాడుతదా?"

రాజయ్య దిక్కుతోచక సార్ వైపు చూశాడు. సార్ పెన్ను మూత తీశాడు. నా పాయింట్లు రాసుకుంటున్నాడనుకున్నాను.

"కాపాడదు తమ్మీ. కానీ నన్ను..."

"శభాష్!" బల్ల మీదున్న ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి కత్తెర తీసి, దారాన్ని టప్పున కత్తిరించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పరీక్ష కదా, కొట్టకూడదని నిబంధన ఉంటుందనుకున్నాను.

"ఇప్పుడు నువ్వు స్వేచ్ఛాజీవివి పెద్దన్నా! రెండు చేతుల్ల బరువులు పట్టుకో. బస్కీలు తియ్యి."

రాజయ్య సగం కూర్చున్నాడో లేదో, వాళ్ల ఊరి గోదావరి అవతలి ఒడ్డుకు వినపడేలా అరిచాడు. "అమ్మా! నా మోకాలు!"

"గది నొప్పి గాదు. దారం పోయిందన్న భయం. మల్ల తియ్యి."

"సచ్చిన తమ్మీ!"

"భయాన్ని జయించు! ఇంకోటి!"

"ఆపు బాబూ," అన్నాడు సార్. "నువ్వు పరీక్షకు వచ్చినవా, సభకు వచ్చినవా?"

"సార్, ఈయన మూఢనమ్మకం..."

"ఆ దారం కట్టింది నేను."

నేను కత్తెరను మెల్లగా డబ్బాలో పెట్టేశాను.

"ఆయన మోకాలికి ఆపరేషన్ అయినట్టు అనుకోవాలె. గుర్తుకు పొద్దుగాల నేనే కట్టిన. చూసినోడు 'గిదేందన్నా' అని అడగాలె. అడిగితే చెప్పు, అడగకుంటే చెప్పకు అని ఆయనకు నేనే చెప్పిన. పొద్దటి నుంచి వచ్చినోల్లందరు అడిగిండ్రు." సార్ పెన్ను మూత పెట్టాడు. "నువ్వు ఆపరేషన్ అయిన కాలుకు బరువులిచ్చి బస్కీలు తీయించినవ్."

అప్పటిదాకా చచ్చిపోతున్న రాజయ్య చటుక్కున లేచి నిలబడ్డాడు. "అడుగు, అడుగు అని నేనైతే మస్తు చెప్పిన సార్. ఇంతకు ఇంకో దారం ఉన్నదా? బయట ఇంక పోరగాళ్లున్నరు."

బాలు పాసయ్యాడు. పొద్దుటి బ్యాచ్ వాడిదైంది. నేను ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే, బాపు మామ దుకాణం తాళంచెవి నా చేతిలో పెట్టాడు. అవ్వ మాత్రం కొంగు ముడి విప్పి, పొద్దటి దారాన్ని బయటికి తీసింది.

"అయితే దారం తోటే ఫెయిలైనవ్."

"అవ్వా, గది మంత్రించిన దారం గాదు. ఉత్త గుర్తు."

"ఏ దారమైతేందిరా? అండ్ల ఏం లేదంటివి. కోస్తివి. నౌకరి పాయె. ఇంకేం ఉండాలెరా అండ్ల?"

తాళంచెవి జేబులో వేసుకుని దుకాణానికి నడిచాను.

సంగతి వాడంతా పాకింది. "గా పిల్లగాడు దారం కోసి ఆగమైండు" అని తల్లులు వెతికి వెతికి పిల్లలకు నల్లదారాలు కట్టారు. జిమ్ము గుమ్మానికి శ్రీనన్న నిమ్మకాయ పక్కన కొత్తగా ఓ దారం కూడా వేలాడదీశాడు. నా ఉపన్యాసాలన్నీ కలిపి ఒక్కరి తాయత్తు విప్పించలేదు గానీ, నా ఒక్క ఫలితం ఊరందరికీ కట్టించింది. ఇక దుకాణంలో నేను తల అడ్డంగా ఊపుతుంటే, ఓ పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి అడిగాడు:

"దారం కోసిన పిల్లగానివి నువ్వేనా? గందుకేనా యూరియా వస్తలేదు?"

అందుకే ఖాళీ గోదాం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఏ మనిషి ఒంటి మీది దారాన్నైనా, ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అని అడిగి, జవాబు చివరిదాకా విననిదే కత్తెర ముట్టను. దారానికి శక్తి లేదని ఇవాళ్టికీ అంటాను, రేపూ అంటాను. కాకపోతే అడిగాక అంటాను.

ఇక మీ వంతు. ఇది చదువుతుంటే మీకొక ముఖం గుర్తొచ్చింది కదా? ఈసారి కనిపిస్తే కడిగిపారేయాలని మాటలు పదునుపెట్టుకుని ఉన్నారే, ఆ ముఖం. లేవండి. వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక్క ప్రశ్న అడగండి. జవాబు పూర్తయ్యేదాకా నోరు మూసుకుని వినండి.

కత్తెర మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్లండి.