అరచేతి మేర పోయిన నారింజ రంగు

2023 వానాకాలం. హన్మకొండలో నేను బొమ్మలకు ఫ్రేములు కట్టే దుకాణం పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఈ పనిలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. అనుకొని ఊరుకునేదాన్ని కూడా కాదు, పైకి అనేసేదాన్ని.

స్టేషన్ ఘన్‌పూర్ నుంచి స్వరూప అనే అమ్మాయి పొద్దుగూకే ఆకాశం బొమ్మ తెచ్చింది. సాఫ్ట్ పాస్టెల్స్‌తో వేసింది. అవి సుద్దముక్కల్లాంటి రంగులు. కాగితం గరుకులో పొడిగా నిలుస్తాయి, అంతే. వేసింది వాళ్ల నాన్న, బోర్డులు రాసే పెయింటర్. ఆ తర్వాత పక్షవాతంతో ఆయన కుడిచేయి పడిపోయింది. ఇక అదే ఆఖరి బొమ్మ.

"అద్దమే పెట్టక్కా, బాపు ఏమన్నడంటే..."

"అద్దమా? రైల్ల మందిల పగిలితే మళ్ల నా మీదికే వస్తవు. ఆక్రిలిక్ పెడత. పద్దెనిమిదేండ్ల సంది చేస్తున్న, నాకు చెప్తవా?"

ఆమె తలూపి బజారు పని చూసుకోవడానికి వెళ్లింది.

ఆక్రిలిక్ అంటే పగలని ప్లాస్టిక్ షీటు. దాని మీదుండే పల్చటి కవరు ఒలిచినప్పుడు దానికి స్టాటిక్ పడుతుంది; తల దువ్విన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు పొడిని లాగుతుంది. ఫోటోలకు ఏమీ కాదు. పాస్టెల్ బొమ్మ నా దుకాణానికి రావడం అదే మొదటిసారి. ఆ సంగతి మాత్రం ఆమెకు చెప్పలేదు.

షీటు ఆనించానో లేదో, సూర్యుడి పక్క నారింజ రంగు అరచేతి మేర లేచిపోయింది. ఎత్తితే ఇంకెంత వస్తుందో, ఎత్తకపోతే ఇంకెంత లేస్తుందో! ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి ఎత్తాను. పక్క దుకాణంలో నారింజ పాస్టెల్ కొనుక్కొచ్చాను. నాలుగు గీతలు గీస్తే ఎవరికీ తెలియదు. చేయి కాగితం దాకా పోయి ఆగింది. ఆ చేయి నాది, ఆయనది కాదు. ముక్క కింద పెట్టేశాను.

స్వరూప రాగానే బొమ్మ చూపించి జరిగింది చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

"నువ్వేమన్న రంగు పెట్టినవా?"

"పెట్టలే."

"పెట్టకు. పోయింది పోనీ. ఉన్నదన్న బాపు చేతిదే ఉండాలె."

"అద్దమే ఎందుకో ముందుగాల చెప్పొద్దా చెల్లె?" అప్పుడు కూడా తప్పు ఆమె మీదికే తోయబోయాను.

"ప్లాస్టిక్‌ది పొడి గుంజుతదని బాపు చెప్పే పంపిండు. నువ్వు చెప్పనిస్తివా? నీ నోటికి భయపడి ఊకున్న."

ఆక్రిలిక్ పక్కన పెట్టి, అద్దమూ మౌంటూ కోశాను. మౌంట్ అంటే బొమ్మకు అద్దం తగలకుండా చుట్టూ పెట్టే మందపాటి అట్ట. అది పెట్టి, అద్దం బిగించి ఇచ్చాను. రైలు టైమవుతోందని ఆమె ఆటో ఎక్కింది.

ఇన్నేళ్లూ కస్టమర్లు నా మాటకు ఒప్పుకుంటున్నారనుకున్నాను. వాళ్లలో ఒప్పుకున్నదెందరో, ఊరుకున్నదెందరో ఇప్పుడు నాకే తెలియదు. వాదించడం మానలేదు. కాకపోతే, ఎదుటివాళ్లు చెప్పేది అయిపోయాకే మొదలుపెడుతున్నాను.