చెక్కు రాయకముందు పొంగిన పాలు

రిటైరయ్యాక మాకు ఒకటే కోరిక మిగిలింది. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు, ఇక్కడ అమెరికాలో ట్రైలర్ అంటారు, అది కొనుక్కుని దేశం చూసి రావాలని. మా ఆవిడ నడుము నొప్పితో రెండు గంటలకు మించి కూర్చోలేదు. ఆపినచోట పడుకోవడానికి మంచం ఉంటేనే ఆమెకు ప్రయాణం. మేం దాచుకున్నది ఒక పాత ట్రైలర్‌కే సరిపోతుంది; మోసపోతే ప్రయాణం లేనట్టే.

అందుకని డైరీలో ఇరవై ఆరు పరీక్షలు రాసుకున్నాను. ఇర్వింగ్ శివార్లలో ఒకాయన అమ్ముతున్న ట్రైలర్ ఇరవై అయిదింటిలో నెగ్గింది. టైటిల్, అంటే యాజమాన్య కాగితం, ఆయన పేరు మీదే ఉంది, అందులోని నంబరూ చట్రం మీది నంబరూ ఒకటే. మిగిలింది నీళ్ళు వదిలి చూడడం. చలికి పైపులు పగలకుండా నీళ్ళు తీసేశాననీ, కుళాయి తిప్పొద్దనీ అన్నాడు. మర్యాదస్తుడిలా ఉన్నాడు. ఆయన చెప్పిన మాటే డైరీలో రాసుకున్నాను.

కొనే రోజున పాలు పొంగించడానికి మా చెల్లెలిని తీసుకెళ్ళాను; దారిలో డైరీ చదివి వినిపించాను. ఆడపడుచు పొంగించాలి కదా. చెక్కు ఇచ్చాక పొయ్యి వెలిగిద్దామన్నాను.

"అన్నయ్యా, పదకొండున్నరకి ముహూర్తం దాటిపోతుంది. నువ్వు సంతకాలు పెట్టేసరికి సాయంత్రమవుతుంది."

ఏదో పూజ అనుకుని, అమ్మే ఆయనే నవ్వుతూ పొయ్యి వెలిగించాడు. పాలు తూర్పుకు పొంగి, పొయ్యి వెనక సందులోకి జారిపోయాయి.

"తుడవకపోతే చీమలు పట్టేస్తాయి" అంటూ చెల్లెలు మోకాళ్ళ మీద కూర్చుని కింది అలమర తెరిచింది. తుడిచిన గుడ్డ నల్లగా వచ్చింది. గోడను బొటనవేలితో నొక్కింది. కొత్త పెయింట్ చిట్లి, వేలు లోపలికి దిగింది.

"ఇటు రా. టీలో ముంచిన రస్కులా ఉంది."

"పైకి బాగానే ఉందే?"

"పెయింట్ బాగుంది. వెనక గోడే లేదు, పైపు కారి కుళ్ళిపోయింది. ఏప్రిల్‌లో, ఈ టెక్సస్ ఎండలో, చలికి పైపులు పగులుతాయా? రాసుకున్నది ఒకసారి చదువుకోవేం, అన్నయ్యా!"

ఆయన ముఖం మాడిపోయింది. మీరు ఇన్‌స్పెక్టరా అని ఇంగ్లీషులో అడిగాడు. "కాదు, ఈయన చెల్లెల్ని" అంది గిన్నె సర్దుకుంటూ.

ఆమె అంతకుముందు ట్రైలర్ లోపలికి అడుగుపెట్టి ఎరుగదు. ఒలికిన పాలు ఎక్కడికి పోయాయో చూడకుండా వంటగది విడిచిపెట్టని మనిషి, అంతే. ఇన్నేళ్ళుగా ఆ అలవాటును చాదస్తమని వెక్కిరించినవాణ్ణి నేనే.

వేసవి చివర్లో ఇంకొకటి దొరికింది. అమ్మే ముసలావిడ మేం అడగకముందే కుళాయిలన్నీ తిప్పి చూపించింది. అయినా చెల్లెలు పాలు పొంగించింది, వంగి అలమరలు తుడిచింది, గుడ్డ నా కళ్ళ ముందు పెట్టింది. తెల్లగా ఉంది. అప్పుడు కలం తీశాను.