మూడు గదుల మ్యూజియం, వెనక మరుగుదొడ్డి

బస్సు డ్రైవర్లందరూ ఆవిడను మ్యూజియమక్క అంటారు. మ్యూజియానికి ఆఫీసరు వేరే ఉన్నాడు, ఆయనుండేది కొండ కింద నగరంలో. ఇక్కడ అడవి మధ్య, ఘాట్ రోడ్డు పక్కన, తలుపు తీసేది, ఊడ్చేది, అద్దాలు తుడిచేది, వచ్చినవాళ్లకు కథలు చెప్పేది, వేలు పెట్టినవాళ్లను కసిరేది అంతా ఆవిడే. నోరు పెద్దది. మ్యూజియం తెరిచారో లేదో లోయలో మేకలకు కూడా ఆ గొంతును బట్టే తెలుస్తుందని వాళ్లాయన అంటాడు. అదీ ఆవిడ దగ్గర్లో లేనప్పుడు.

మ్యూజియమంటే ఏదో పెద్ద మేడ అనుకునేరు, మూడు గదుల రాతి కట్టడం. రోడ్డు లేని రోజుల్లో ఈ కనుమ దాటే ఉప్పు మీద సుంకం ఇక్కడే కట్టించుకునేవారు. మొదటి గదిలో త్రాసులు, తూకపురాళ్లు. రెండో గదిలో ఎలుగుబంట్లను పట్టిన ఇనుప బోను, పశువుల మెడలో కట్టిన కొయ్య గంటలు. మూడో గదిలో అద్దాల పెట్టెలో ఒక వెదురు బుట్ట, దానికి నుదుటికి తగిలించుకునే తోలు పట్టీ.

ఆ బుట్ట మ్యూజియమక్క వాళ్లమ్మది. అమ్మ ఆ బుట్టలో ఉప్పు నింపుకుని కొండకు అటువైపు నుంచి ఇటువైపుకు మోసేది. చిన్నప్పుడు ఈవిడ అమ్మ పక్కన పడుకుని, పట్టీ ఒరిసి ఒరిసి నుదుటి మీద పడ్డ గాడిని వేలితో తడుముతూ నిద్రపోయేది. బస్సు రోడ్డు పడ్డాక మోత పని పోయింది. అప్పుడు బుట్టను అమ్మే తెచ్చి మ్యూజియానికి ఇచ్చింది. "ఇంట్లో ఉంటే నువ్వు పొయ్యిలో పెడతావే. అక్కడైతే మహారాణిలా అద్దాల్లో కూర్చుంటుంది" అంది. అమ్మ పోయాక కూతురు రోజూ మొదట తుడిచేది ఆ అద్దాన్నే.

తుడిచి లాభమేముంది, చూసేవాళ్లుంటే కదా! యాత్రికుల బస్సులన్నీ కొండ కొమ్మునున్న పాత కోటకు పరిగెత్తేవి. మ్యూజియం ముందు కనీసం హారనైనా కొట్టేవి కావు. ఒకరోజు ఆఫీసరు వచ్చి గదులన్నీ తిరిగి చూసి నిట్టూర్చాడు.

"సీజను అయ్యేలోగా మళ్లీ వస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఈగలు తోలుకుంటూ ఉంటే తాళం వేయక తప్పదు. సామానంతా నగరంలో మా గోదాములో పెట్టిస్తాం."

"గోదాములోనా? అక్కడెవరు చూస్తారండీ?"

"ఇక్కడ మాత్రం ఎవరు చూస్తున్నారు?"

ఆ మాట ఆవిడకు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆయన అబద్ధమాడి ఉంటే తిట్టిపోసేదే, కానీ నిజమే అన్నాడాయె! అమ్మ బుట్ట చీకట్లో, ఏ పెట్టెల కిందో నలిగిపోతుందని తలుచుకుంటే అన్నం సయించలేదు.

వాళ్లాయన బోర్డులు రాసే పెయింటరు. "ఈ మాత్రానికే అంత దిగులెందుకు?" అని ఎర్రరంగుతో 'అపూర్వ వస్తు సంపద! దర్శించి ధన్యులు కండి!' అని ఇంతింత అక్షరాలతో బోర్డు రాసి రోడ్డు పక్కన పాతాడు. ధన్యులు కావాలని ఒక్కడికీ అనిపించలేదు. ఒక ఆవు మాత్రం రోజూ వచ్చి దానికి వీపు గోక్కుని పోయేది.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కోటకెళ్లే బస్సు కీచుమంటూ ఆగింది. దాని డ్రైవరు భారీ మనిషి, బ్రేకు వేయడమంటే పరువు తక్కువనుకునే రకం. అందుకే వాణ్ని మలుపుల మారాజు అంటారు. అలాంటివాడి బస్సులోంచి ఒకావిడ దిగి పరుగున వచ్చింది.

"అమ్మా, మీకు పుణ్యముంటుంది, మరుగుదొడ్డి ఎక్కడ?"

"నేరుగా వెళ్లండి. మూడు గదులూ దాటాక వెనక వసారాలో."

వెళ్లేటప్పుడు ఆవిడ దేన్నీ చూడలేదు. ఎవరు మాత్రం చూస్తారు? తిరిగొచ్చేటప్పుడు మాత్రం ప్రాణం కుదుటపడి మూడో గదిలో ఆగిపోయింది. బుట్ట చూసింది, వంగి పట్టీ చూసింది. "ఇది నుదుటికా! మెడ విరగదూ?" అంది. మ్యూజియమక్క చెప్పడం మొదలుపెట్టింది. బస్సు హారన్ మీద హారన్ కొట్టినా వింటున్నావిడ కదల్లేదు.

బస్సు వెళ్లిపోయాక మ్యూజియమక్క గుమ్మంలో నిలబడి కాసేపు ఆలోచించింది. తర్వాత మొగుణ్ని కేకేసింది.

"ఆ ధన్యులు కండి తుడిచెయ్యి. 'శుభ్రమైన మరుగుదొడ్లు, నీళ్లున్నాయి' అని రాయి."

"ఛీ, మ్యూజియానికి అదేం బోర్డే? నా చేతులతో రాయను."

"నీ చేతులతో రాయకపోతే నా చేతులతో కడిగినవి ఎవరికి తెలుస్తాయి? రాయవయ్యా!"

ఆయన గొణుక్కుంటూనే రాశాడు. పాపం, నీళ్లనే మాట కింద నీలంరంగుతో రెండు అలలు కూడా గీశాడు.

ఇక చూడండి! ఘాట్ రోడ్డంతా వెతికినా అలాంటి మరుగుదొడ్లు ఇంకోచోట లేవాయె. మొదట కార్లు ఆగాయి, తర్వాత బస్సులు. మలుపుల మారాజు పంతానికి పోయి ఆపకుండా వెళ్లబోతే లోపలున్న ఆడవాళ్లు సీట్లు బాది ఆపించారు. దారి మాత్రం మూడు గదుల గుండానే. క్యూలో ఇరుక్కున్నవాడు ఎటు చూస్తాడు? త్రాసుల వైపు, బోను వైపు. పైగా మ్యూజియమక్క గొంతు ఎలాగూ ఉంది. చెవులు మూసుకున్నా వినబడేది.

అది చాలదని, మేదరాయన చేత అమ్మ బుట్టలాంటిదే ఇంకొకటి అల్లించింది. అమ్మ మోసినంత ఉప్పూ దాన్నిండా నింపించి మూడో గదిలో పెట్టింది. "ఎత్తి చూడండి! మా అమ్మ దీన్ని మోస్తూ కొండ దాటేది!" అనేది. మీసాలు మెలేసినవాళ్లు కూడా పట్టీ తగిలించుకుని, మొహం ఎర్రబడ్డాక సిగ్గుపడి వదిలేసేవారు.

సీజను చివరికొచ్చింది. ఆఫీసరు జీపు దిగేసరికి మ్యూజియం గుమ్మం దాటి మెట్ల దాకా క్యూ ఉంది. ఆయన కళ్లు తిప్పుకోలేకపోయాడు.

"ఇంతమందా! అమ్మా, నువ్వు సామాన్యురాలివి కాదు. మ్యూజియం మూసే ప్రసక్తే లేదు!"

ఆవిడ గుండె గంతులేసింది. అయితే ఆయన అక్కడితో ఆగితేగా!

"ఇంత జనానికి సౌకర్యాలు కావాలి కదా. వచ్చే నెలలో రోడ్డు పక్కనే కొత్త మరుగుదొడ్లు కట్టిస్తాను. లోపలివి తీసేద్దాం."

ఆవిడకు పైప్రాణాలు పైనే పోయాయి. "వద్దు సార్!" అని అరిచిన అరుపుకు జీపు డ్రైవరు ఉలిక్కిపడ్డాడు.

"ఎందుకొద్దు?"

మాట దాటేయొచ్చు. కానీ దాటేస్తే రోడ్డు పక్కన మరుగుదొడ్లు లేస్తాయి, ఆ మర్నాటి నుంచి లోపల మళ్లీ ఈగలు. తాడో పేడో తేలిపోవాలనుకుంది.

"సార్, వీళ్లు మ్యూజియం కోసం వచ్చినవాళ్లు కాదు. బోర్డు మీరు చదవలేదు. అందరూ దానికే వచ్చారు."

ఆఫీసరు వెనక్కి తిరిగి బోర్డు చదివాడు. నీలం అలలు కూడా చూశాడు. మొహం మాడిపోయింది. "అంటే ఇది మరుగుదొడ్డి క్యూ అన్నమాట" అని విసవిసా లోపలికి నడిచాడు. జీవితంలో మొదటిసారి మాట పెగలక, ఆవిడ వెనకాలే వెళ్లింది.

మొదటి గదిలో క్యూ కదలడం లేదు. రెండో గదిలోనూ కదలడం లేదు. మూడో గది కిక్కిరిసి ఉంది. మధ్యలో మలుపుల మారాజు నుదుటికి పట్టీ తగిలించుకుని, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు తేలేసి లేవబోతున్నాడు. చుట్టూ జనం "లే బాబూ, లే! ఆడమనిషి మోసింది, నువ్వు లేవలేవా?" అని గోల గోల చేస్తున్నారు. వాళ్ల వెనక, వసారాలో మరుగుదొడ్ల తలుపులు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఎవరూ లేరు.

ఆఫీసరు ఆ తలుపుల వైపు చూశాడు. జనం వైపు చూశాడు. క్యూలో ముందున్న పెద్దాయన భుజం తట్టి, "అయ్యా, ఖాళీగానే ఉంది, వెళ్లరేం?" అన్నాడు.

"మీరెళ్లండి బాబూ, వీడు లేస్తాడో లేదో చూసి వెళ్తాను" అన్నాడాయన, తల తిప్పకుండా.

ఆఫీసరు కూడా మెడ చాచి మలుపుల మారాజు వైపు చూశాడు. తర్వాత మ్యూజియమక్క వైపు తిరిగాడు.

"మరుగుదొడ్లు ఎక్కడున్నాయో అక్కడే ఉంటాయి. మ్యూజియమూ అంతే."

ఆవిడ అక్కడే, అందరి ముందూ, బావురుమంది. దుఃఖం కాదది. అమ్మను మళ్లీ ఇంటికి తెచ్చుకున్నంత ఆనందం. పెయింటరు మొగుడు ఎక్కణ్నుంచో జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఏం జరిగిందో తెలియకుండానే తనూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆఫీసరు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారాడు. గొంతు తగ్గించి, "అమ్మా, కొండ కింద నుంచి ఆపుకుంటూ వచ్చాను. ఇప్పుడు వెళ్లొచ్చా?" అన్నాడు.

మ్యూజియమక్క ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుంది. పోయిన గొంతు లోయంతా వినబడేలా తిరిగొచ్చింది.

"క్యూలో రండి సార్! ముందు బుట్ట."