వేలంపాటలో ఇంగ్లీషు పాఠం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇంగ్లీషు రెండు అంతస్తుల్లో ఉండేది. పైన మా తాతయ్య ఇంగ్లీషు. గుంటూరులో ఒక మిషన్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి రిటైరై, కూతురి దగ్గర ఉండడానికి గ్వెల్ఫ్ వచ్చిన ఇంగ్లీషు అది. ఇప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలాగా ఎక్కడా ముడత ఉండేది కాదు. కింద బేస్‌మెంటులో అద్దెకున్న చైనా అక్క ఇంగ్లీషు. కాగితం మీద అది చక్కగా ఉండేది, ఎదుటి మనిషి నోరు తెరిచేసరికి మాయమైపోయేది. మధ్యలో మెట్ల మీద నేను, తొమ్మిదేళ్ళ దాన్ని. మేము కెనడా వచ్చి రెండేళ్ళే అయినా, స్కూలు పుణ్యమా అని నా మాట అప్పటికే ఇక్కడి పిల్లల మాటలా ఉండేది. అందుకని తాతయ్య నన్ను ఆ ఇంటికి ‘నేటివ్ స్పీకర్’గా నియమించాడు. జీతం ఊసు ఎత్తలేదు.

అక్క వచ్చింది మట్టి గురించి చదువుకోవడానికి. యూనివర్సిటీ వాళ్ళు సీటైతే ఇచ్చారు గానీ దానికొక తోక తగిలించారు. క్లాసులో కూర్చోవాలంటే ముందు ఇంగ్లీషు లిజనింగ్ టెస్టు పాసవ్వాలి. చదవడానికి కొన్ని పేజీలిస్తారు, తరువాత ఒక ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని కాసేపు పాఠం చెప్పి, దాని మీద ప్రశ్నలు అడుగుతాడు. చలికాలం రాకముందు మొదటిసారి వెళ్ళినప్పుడు, ఆయన ఏమన్నా అక్క తల ఊపిందట. “ఈ రెండు అభిప్రాయాల్లో నీకేది సరైందనిపిస్తోంది?” అన్నప్పుడు కూడా మర్యాదగా తల ఊపిందట. ఆ మర్యాదకు మార్కులు వేసే పద్ధతి అక్కడ లేదు. మార్చిలో ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే సీటు పోతుంది, సీటుతో పాటు వీసా, ఆ వెనకే అక్క. వెనక్కి వెళ్ళడమంటే తనకు విమానం ఎక్కడం కాదు. ఊరు ఊరంతా వచ్చి సాగనంపిన పిల్ల, మళ్ళీ ఆ ఊరి ముఖం చూడడం.

అందుకని అక్క లైబ్రరీ నుంచి క్యాసెట్లు తెచ్చుకుని పొద్దస్తమానం వినేది. ఆ క్యాసెట్లలో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి ఉండేవాళ్ళు. ఇద్దరూ ఎప్పుడూ ఏదో రైల్వే స్టేషన్‌లోనో పుస్తకాల షాపులోనో కలుసుకునేవాళ్ళు. ఎవరికీ దగ్గు రాదు. ఒకరి మాట మధ్యలో ఇంకొకరు అందుకోరు. నోట్లో ఏదైనా పెట్టుకుని మాట్లాడరు. అలాంటి మనుషులు నాకు ఇప్పటిదాకా తారసపడలేదు, బహుశా వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుని ఎక్కడో సుఖంగా ఉండి ఉంటారు.

రిటైరైన మనిషికి మంచుకాలంలో ఒక విద్యార్థి దొరికితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. తాతయ్య రోజూ టై కట్టుకుని బేస్‌మెంటుకు దిగేవాడు. మొదటి వారంలోనే అక్క డిక్షనరీ తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టేశాడు. “తెలియని మాట దగ్గర ఆగకు, నాలుగు వాక్యాలు పోనీ, అదే వచ్చి నీకు పరిచయం చేసుకుంటుంది” అనేవాడు. నిజంగానే అక్క చదువు నెల తిరిగేలోగా పరుగందుకుంది. వినడం మాత్రం కదల్లేదు. నేను న్యూస్‌పేపర్ గబగబా చదవాలి, అక్క వినాలి. నాకు అర్థం కాని వార్తలు నేను చదివేదాన్ని, చెవికి అందని వార్తలు తను వినేది, మా ఇద్దరికీ తాతయ్య మార్కులు వేసేవాడు. ఒక్క మాట జారిపోతే చాలు, అక్క అక్కడే నిలబడిపోయేది, మిగతా వార్తంతా తనను దాటి వెళ్ళిపోయేది.

“చదివేటప్పుడు కళ్ళు వెనక్కి వెళ్ళి చూసుకోవచ్చు తాతయ్యా. చెవులు వెనక్కి ఎలా వెళ్తాయి?” అంది ఒకరోజు. నేను పిలవడం విని తనూ ఆయన్ని తాతయ్య అనే పిలిచేది. తాతయ్య ఆ రోజు మార్కులు వెయ్యకుండానే మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. ఆయన మార్కులు వెయ్యకపోవడం అరుదు కాబట్టి నాకు గుర్తుండిపోయింది.

పరీక్షకు ముందు శనివారం ఆయన మా అమ్మని కారు తియ్యమన్నాడు. ఊరికి దూరంగా, పొలాల మధ్య ఒక పెద్ద కొట్టంలో కోళ్ళూ బాతులూ గొర్రెలూ వేలం వేస్తారని ఎవరో చర్చిలో చెప్పారట.

“ఇంగ్లీషు నేర్పడానికి కోళ్ళ సంతేంటి నాన్నా? పైగా ఈ మంచులో!” అంది అమ్మ.

“అక్కడ వేలం వేసేవాడి స్పీడు నువ్వు వినలేదమ్మా. అందులో పదో వంతు అందినా చాలు, ఈ పిల్ల ప్రొఫెసర్ ఎడ్లబండిలా అనిపిస్తాడు.”

ఆ లెక్క సబబుగానే తోచింది. నలుగురం వెళ్ళి గడ్డి వాసనల మధ్య చెక్క బల్లల మీద కూర్చున్నాం. ఎత్తైన అరుగు మీద పెద్ద టోపీ పెట్టుకున్న ఒకాయన మైకు పట్టుకుని మొదలుపెట్టాడు. గ్రైండర్‌లో గులకరాళ్ళు పోసి ఆన్ చేస్తే ఆ శబ్దం వస్తుందేమో. నేటివ్ స్పీకర్నైన నాకే ఒక్క ముక్క అర్థం కాలేదు. చుట్టూ ఉన్న రైతులు మాత్రం ప్రార్థనలో ఉన్నంత శాంతంగా కూర్చుని, అప్పుడప్పుడూ కనుబొమ్మ ఎగరేసి ఒక గొర్రెను కొనుక్కుంటున్నారు.

అక్క పెన్సిలు పట్టుకుని ముందుకు వంగి వింది. కాసేపటికి పెన్సిలు ఒళ్ళో పడిపోయింది. ఇంకాసేపటికి కళ్ళు ఎర్రబడ్డాయి.

“నాకు ఒక్క మాట కూడా అర్థం కాలేదు తాతయ్యా. నేను పాసవ్వను.”

“నాకూ అర్థం కాలేదు” అన్నాడు తాతయ్య.

“మీరు ఇంగ్లీషు ప్రొఫెసర్ కదా!”

“అవును. అందుకే అడుగుతాను.”

అని లేచి నిలబడి, క్లాసులో పిల్లలు ఎత్తినట్టు కుడిచెయ్యి నిటారుగా పైకెత్తాడు. అరుగు మీది టోపీ తాతయ్య వైపు వేలు చూపించి ఏదో అరిచింది. మళ్ళీ అరిచింది. అమ్మకు విషయం అర్థమైంది.

“నాన్నా, చెయ్యి దించండి! నాన్నా, దించండి, కొనేస్తున్నారు మీరు!”

తాతయ్య దించలేదు. చివరికి పాట ఆగిపోయింది. టోపీ ఆయన ఇటు వంగి, మొట్టమొదటిసారి మనిషి భాషలో, “సార్, ఇంకెవరూ పాడడం లేదు. మీ పాట మీదే మీరు పాడుకుంటున్నారు” అన్నాడు.

“క్షమించాలి” అన్నాడు తాతయ్య, తన ఇస్త్రీ ఇంగ్లీషులో. “నేను చెయ్యెత్తింది అడగడానికి. మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ చెప్తారా?”

కొట్టంలో తలలన్నీ మా వైపు తిరిగాయి. గొర్రెలు కూడా తిరిగి చూసినట్టే అనిపించింది. అక్క తల కిందికి దించేసుకుంది. అంతలో టోపీ ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

“ఇన్నేళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు. మా ఆవిడ కూడా అడగలేదు.”

కొట్టమంతా ఒక్కసారిగా నవ్వింది. ఆ తరువాత ఆయన మాట మాటకీ గాలి పీల్చుకుంటూ, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు. ఇది మగబాతు, ఆరోగ్యంగా ఉంది, కోపం కొంచెం ఎక్కువ, వద్దనుకుంటే మానెయ్యొచ్చు. మా ముందు బల్ల మీద కూర్చున్న ముసలి రైతు వెనక్కి తిరిగి, “నేను పిల్లాడిగా ఉన్నప్పటి నుంచీ వస్తున్నాను. మధ్యలో ఈయన అనే మాటలేంటో ఇవాళే తెలిసింది, థాంక్స్” అన్నాడు.

అప్పుడు అక్క తల ఎత్తింది. చెయ్యి సగం లేపి, ఎక్కడ ఇంకో బాతు అంటగడతారోనని చటుక్కున దించేసింది. టోపీ ఆయన చూశాడు.

“ఈసారి నీకేదీ అమ్మనులే, అడుగమ్మా.”

“దానికి” అని ఆగి, “దానికి కోపం ఎందుకు?” అంది అక్క.

“నిన్నూ పొద్దున్నుంచి డబ్బాలో పెడితే తెలిసేది.”

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా అక్క నవ్వింది. తను నవ్వగా నేను వినడం అదే మొదలు. ఆ జవాబును నేనుగానీ తాతయ్యగానీ తనకు విడమరిచి చెప్పలేదని ఇంటికొచ్చాక గానీ నాకు తట్టలేదు.

తాతయ్య బాతును మానెయ్యలేదు. అంత ఓపిగ్గా చెప్పిన మనిషిని ఉత్తచేతులతో పంపడం బాగుండదన్నాడు. తిరుగు దారిలో బాతు డబ్బా అక్క ఒళ్ళో ఉంది. కారు నడుపుతూనే అమ్మ అంది:

“నాన్నా, మీరు ఇన్నేళ్ళూ ఉన్నది గుంటూరు మిర్చి వేలాల పక్కన. చెయ్యెత్తితే ఏమవుతుందో మీకు తెలీదా?”

“చలికి భుజం పట్టేసిందమ్మా. సాగదీశాను.”

అమ్మ పక్కకి తిరిగి ఆయన్ని చూసింది. ఆయన కిటికీలోంచి మంచును చూశాడు. తరువాత వెనక్కి తిరిగి అక్కతో, “చెవులు వెనక్కి ఎలా వెళ్తాయని అడిగావు కదా. నోరు తీసుకెళ్తుంది వాటిని. క్యాసెట్‌లో ఉన్నవాళ్ళు నీ మాట వినరు. మనుషులు వింటారు” అన్నాడు. బాతు కూడా ఏదో అంది. దాన్ని మళ్ళీ చెప్పమని ఎవరూ అడగలేదు.

తరువాతి వారం అక్క పరీక్షకు వెళ్ళింది. ఆ సాయంత్రం తాతయ్య టై విప్పకుండా కిటికీ దగ్గరే కూర్చున్నాడు. టీ రెండుసార్లు చల్లారింది. అక్క బూట్ల మంచు కూడా దులుపుకోకుండా లోపలికొచ్చింది. పాఠం మధ్యలో ఒక మాట జారిపోయిందట. అలవాటు ప్రకారం తల ఊగబోయిందట. దాన్ని ఆపి చెయ్యెత్తిందట. ఆ గదిలో ఉన్నది తనూ ప్రొఫెసరూ ఇద్దరే. అయినా ఎత్తింది. ఆయన ఉలిక్కిపడి, తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి, ఏమిటన్నాడట. మళ్ళీ చెప్పమంది. ఆయన చెప్పాడు. ఇంకోచోట మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు.

“ఎన్నిసార్లు అడిగావేంటి?” అన్నాడు తాతయ్య.

“ఆయనకు విసుగొచ్చేదాకా అడుగుదామనుకున్నాను.”

“వచ్చిందా మరి?”

“రాలేదు తాతయ్యా” అంది అక్క. ఆ మాట అంటూనే ఏడ్చేసింది. పాసైన సంగతి ఆ తరువాత చెప్పింది.

గ్యారేజీలో వారం రోజులుగా అందరినీ పొడుస్తూ బతికిన బాతు ఆ ఆదివారం మా చర్చి భోజనాల్లో పాల్గొంది. దాన్ని ఎలా వండాలన్న విషయంలో అమ్మకూ అక్కకూ చాలా చర్చ జరిగింది. ఒకరు చెప్పింది ఒకరికి అర్థం కాక, మళ్ళీ చెప్పించుకుని, చివరికి గరం మసాలా, సోయా సాస్ రెండూ పడ్డాయి. గిన్నె మాత్రం ఖాళీగా ఇంటికొచ్చింది.

ఇప్పుడు నేను కాల్గరీలో ఒక ఆయిల్ కంపెనీలో పని చేస్తున్నాను. నా జుట్టు తాతయ్య జుట్టు రంగుకొచ్చేసింది. మా ఆఫీసు మీటింగుల్లో ఎవరో ఒకరు లేచి ఎవరికీ అర్థం కాని మాటలు చెప్తుంటారు, పెద్ద పెద్ద డిగ్రీలున్న వాళ్ళందరూ మర్యాదగా తలలూపుతుంటారు. నా తలా ఊగబోతుంది. అప్పుడు నేను చెయ్యెత్తి, “నాకు అర్థం కాలేదు, మళ్ళీ చెప్తారా?” అంటాను. ఇంతవరకూ ఎవరూ విసుక్కోలేదు. తరువాత కారిడార్‌లో ఇద్దరు ముగ్గురు కుర్రవాళ్ళు వచ్చి, మెల్లగా థాంక్స్ చెప్పి వెళ్తుంటారు. మీరే అడగొచ్చు కదా అంటే, అందరి ముందూ ఎలా ఆంటీ అంటారు. చాలా తేలికని చెప్తాను. చెయ్యెత్తే ముందు అక్కడ ఏదైనా అమ్ముతున్నారేమో చూసుకుంటే చాలు.