యాడుండావని అడిగే సారు

ఆదోనిలో నేను పనిచేసిన చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మా సారుకు ఒక అలవాటుండేది. ఎవరికి ఫోన్ చేసినా ముందు "యాడుండావ్?" అనేవారు. మా పాపకు జ్వరమని నేను ఎమ్మిగనూరు వెళ్తే ఏ డాక్టరు, ఏ వీధి, పక్కన ఎవరుండారని మూడుసార్లు అడిగారు.

అంత ఆరా తీసే మనిషికి, డేటాబేస్‌ను పరీక్షించే మా టూల్ మాత్రం "కనెక్ట్ అయింది" అని ఒక్క ముక్క చూపిస్తే చాలు. పత్తి యార్డు వాళ్ల అసలు డేటాబేస్ ఒకటి, మా పరీక్షలకు దాని నకలు ఒకటి ఉండేవి. పరీక్ష మొదలవగానే, టూల్ దేనికి కనెక్ట్ అయి ఉంటే అందులోని వివరాలన్నీ చెరిగిపోతాయి. పొరపాటు జరిగితే నా మీదికే వస్తుందని భయపడి, దేనికి కనెక్ట్ అయిందో పేరు కూడా చూపిద్దామని బతిమాలాను.

"అయింది కదమ్మా, సాలు. పేర్లన్నీ రాయడానికి ఇదేమన్నా పెండ్లి పత్రికనా?"

ఒక మధ్యాహ్నం సారే పరీక్ష బటన్ నొక్కారు. కాసేపటికి యార్డు నుంచి ఫోన్.

"అన్నా, రైతుల పేర్లు ఒక్కటీ కనపడల్యా."

సారు నా వైపు తిరిగారు. "నేనిప్పుడు యాడుండానమ్మా?"

"కనెక్ట్ అయినారు కదా సార్," అన్నాను.

అంతకు గంట ముందు తీసిపెట్టిన బ్యాకప్ నుంచి పేర్లు ఎక్కించేసరికి సాయంత్రమైంది. అంతవరకూ వేలం ఆగి, రైతులు పత్తి కుప్పల పక్కనే ఎండలో కూర్చున్నారు.

మర్నాడు ఏ కంప్యూటరు, ఏ డేటాబేస్, అసలా నకలా, ఎవరి పేరుతో లోపలికి వెళ్లామో అన్నీ టూల్‌లో పెద్దక్షరాలతో కనిపించేట్లు మార్చాను. సారు చూసి తృప్తిపడి, అడుగున ఇంకో వరుస చేర్పించారు. "ఆలోచన" అని రాసి, పక్కన తన పేరు.

ఆ తెర మీద కనిపించే వివరాల్లో అదొక్కటే అబద్ధం.